మొగల్తూరు దాకా... చివరి నాలుగు రోజులు

అమెరికాలో బడులకు వేసవి సెలవులు ఇచ్చారంటే ఇక్కడ అద్దె కార్లకు గిరాకీ మొదలైనట్టే. శంషాబాద్‌లో విమానం దిగిన కుటుంబం ముందు హైదరాబాద్‌లో బాబాయి ఇంట్లో నాలుగు రోజులు ఉంటుంది. అక్కణ్నుంచి విజయవాడలో పిన్నిగారిల్లు, తిరుమల దర్శనం, ఇటు తిరిగి విశాఖలో మేనత్త. మూడు వారాలు ఇట్టే గడిచిపోతాయి. ఇన్నేసి ఊళ్లు, ఇంతమంది బంధువులు, ప్రతి ఇంట్లోనూ కొసరి కొసరి వడ్డించే భోజనాలు. ఇవన్నీ అయ్యాక మిగిలే చివరి నాలుగు రోజులు మాత్రం నాయనమ్మా తాతయ్యల ఊరికి.

పెద్దవాళ్లకు అది సొంతింటికి రావడం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన పిల్లలకు మాత్రం విదేశంలో ఉన్న బంధువుల్ని చూడ్డానికి రావడం. నాయనమ్మను చూడాలన్నా వీసా కావాలి, లేదంటే ఓసీఐ కార్డు ఉండాలి. ఒకే కార్లో వెళ్తున్నా నాన్నది ఒక ప్రయాణం, కొడుకుది ఇంకో ప్రయాణం. ఆ రెండూ ఎక్కడైనా కలుస్తాయా లేదా అన్నది తేలేది ఈ చివరి నాలుగు రోజుల్లోనే. పశ్చిమ గోదావరిలో సముద్రానికి దగ్గరగా ఉన్న మొగల్తూరు వైపు వెళ్లే దారి అందుకు మంచి చోటు.

కాటన్ దొర దగ్గర

విశాఖ నుంచి వచ్చే కారు రాజమండ్రిలో ఆగుతుంది. ఆగస్టు మొదట్లో గోదావరి ఎర్రగా, ఒడ్డుల్ని ఒరుసుకుంటూ పారుతుంటుంది. ధవళేశ్వరం దగ్గర నాన్న కారు ఆపించి ‘ఇదే మన ఆనకట్ట’ అంటే హూవర్ డ్యామ్ చూసొచ్చిన పిల్లలకు మొదట ఏమీ అనిపించదు. కొండల మధ్య ఎత్తయిన గోడ ఉండదిక్కడ. నాలుగు భాగాలుగా, మూడున్నర కిలోమీటర్లకు పైగా నదికి అడ్డంగా సాగే బ్యారేజీ ఉంటుంది, అంతే.

చెప్పాల్సింది దాని వెనక కథ. సర్ ఆర్థర్ కాటన్ ఇక్కడ 1847లో పని మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తిచేశాడు. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982కి సిద్ధమైంది. అంతకుముందు ఒక ఏడు వరద, ఒక ఏడు కరవు అన్నట్టుండే డెల్టాకు కాలువ నీళ్లొచ్చాయి. నీళ్లతో వరి వచ్చింది. వరితో చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ డబ్బులతో భీమవరంలో, నరసాపురంలో కాలేజీలు వెలిశాయి. ఆ కాలేజీల్లో చదివినవాళ్ల పిల్లలు ఇంజినీర్లై విమానం ఎక్కారు. ఊరూరా కాటన్ విగ్రహం ఎందుకుందని పిల్లలు అడిగితే ఇంతకంటే సూటైన జవాబు లేదు. నాన్న అమెరికా ప్రయాణానికి తొలి అడుగు పడింది ఈ గట్టు మీదే.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా కాలువ గట్టున వెళ్తే ఆత్రేయపురం. వేడి కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్కసారి పరిచి తీస్తే కాగితంలాంటి రేకు ఊడొస్తుంది. పూతరేకుల తయారీ చూస్తూ పిల్లలు ఫోన్లు జేబులో పెట్టేస్తారు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన మిఠాయి ఇది. ఇక్కడ కొన్న పెట్టెల్లో సగం మొగల్తూరు చేరకముందే ఖాళీ అవుతాయి.

పంటు ఆగితే...

రెండో రోజు కోనసీమ. కొబ్బరితోటల మధ్య నుంచి రాజోలు, మలికిపురం దాటి అంతర్వేది చేరతారు. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు చూడకుండా ఎవరూ వెనక్కి రారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. ఓ పక్క నది, ఇంకో పక్క సముద్రం. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిన నది సుమారు 1,465 కిలోమీటర్లు నడిచొచ్చి ఈ డెల్టాలో ఆగుతుంది. కార్లో మూడు వారాలు తిరిగి విసిగిపోయిన పిల్లలకు ఆ లెక్క బాగానే ఎక్కుతుంది.

అసలు సరదా సఖినేటిపల్లి రేవులో ఉంది. ఆవలి ఒడ్డు నరసాపురం. మధ్యలో వశిష్ఠ. కారును ఏకంగా పంటు మీదకి ఎక్కించి నది దాటిస్తారు. మోటారు సైకిళ్లు, అరటి గెలలు, బడి పిల్లలు, పెళ్లివారు అందరూ ఒకే బల్లకట్టు మీద ఉంటారు. డిస్నీల్యాండ్‌లో టికెట్ కొని పడవెక్కిన పిల్లలు ఇక్కడ కారు దిగి కడ్డీ పట్టుకుని నిలబడతారు.

కానీ ఆగస్టులో గోదావరి ఎవరి టికెట్టూ చూడదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. వరద ఉరవడి పెరిగితే పంటు ఆపేస్తారు. అప్పుడు వెనక్కి తిరిగి దిండి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లి, అక్కణ్నుంచి నరసాపురం రావాల్సిందే. కళ్లెదురుగా కనిపించే ఊరికి అంత చుట్టు తిరగాలా అని పిల్లలు విసుక్కుంటారు. తాతల కాలంలో ఈ లంకల్లో ఎక్కడికెళ్లాలన్నా పడవే దిక్కనీ, 1986 వరద, 1996 తుపాను చూసినవాళ్లు ఇంకా ఈ ఊళ్లలో ఉన్నారనీ చెప్పడానికి ఆ చుట్టు దారి సరిపోతుంది.

నరసాపురం పరిసరాల్లో ఇళ్ల అరుగుల మీద ఆడవాళ్లు లేసు అల్లుతూ కనిపిస్తారు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చిన పని ఇది. సన్నటి కొక్కెం సూది, దారం ఉంటే చాలు. ఇక్కడ అల్లిన టేబుల్ గుడ్డలు ఐరోపాకూ అమెరికాకూ వెళ్లాయి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లే చేతులకు దక్కే కూలి మాత్రం ఎప్పుడూ తక్కువే. 1980ల్లోనే జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ దీని మీద ఏకంగా ఒక పుస్తకం రాశారు.

సినిమావాళ్ల ఊరు

నరసాపురం నుంచి మొగల్తూరుకు అరగంట ప్రయాణం. ఒకప్పుడు కలిదిండి రాజుల జమీందారీ ఊరు ఇది. ఊళ్లో వాళ్ల కోట గురించి పెద్దవాళ్లు ఇంకా చెబుతారు. పిల్లలకు అది పట్టదు. వాళ్లకు తెలిసిన రాజు వేరు. 2015లో, 2017లో అమెరికా థియేటర్లలో ‘బాహుబలి’ చూసి ఈలలు వేసినవాళ్లు కదా! ప్రభాస్ వాళ్ల పెదనాన్న కృష్ణంరాజు పుట్టింది ఈ ఊళ్లోనే. 1940 జనవరి 20న మొగల్తూరులో పుట్టిన ఆయన 1966లో సినిమాల్లోకి వెళ్లారు, ఆ తర్వాత లోక్‌సభకూ, కేంద్ర మంత్రివర్గానికీ వెళ్లారు. 2022 సెప్టెంబరు 11న కన్నుమూశారు. అదే నెల 29న ఊళ్లో జరిగిన సంస్మరణకు జనం పోటెత్తారు. వచ్చినవాళ్లకు చేసిన విందు గురించి ఊరు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటుంది.

ఇంకో పేరు చెబితే నాన్నకే హుషారు. కొణిదెల శివశంకర వరప్రసాద్, అంటే చిరంజీవి, 1955 ఆగస్టు 22న పుట్టిన ఊరు కూడా మొగల్తూరే. ఆయన డిగ్రీ చదివింది నరసాపురం వై.ఎన్. కాలేజీలో. అంతవరకూ ‘ఎప్పుడు వెళ్లిపోదాం’ అని అడిగిన కుర్రాడు ఇక్కడ కారు దిగి ఊరి బోర్డు ముందు ఫొటో తీయించుకుంటాడు. తెలిసిన పేరు ఒక్కటి దొరికితే చాలు, ఎంత కొత్త ఊరైనా కాస్త మెత్తబడుతుంది.

పొలం చెరువైంది

ఇంటికి చేరాక అసలు కష్టం మొదలవుతుంది. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు. నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. ‘ఏవమ్మా, బడి ఎలా ఉంది?’ అంటే ‘గుడ్’ అని ఒక్క ముక్క. ఆ తర్వాత ఇద్దరూ నవ్వుకుని ఊరుకుంటారు.

ఈ చిక్కును చాలా ఇళ్లలో పులస తీరుస్తుంది. సముద్రంలో ఉండే ఇలస వరద కాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది. నది నీళ్లు తాకాక దాని పేరే మారిపోతుంది, పులస అవుతుంది. రుచీ మారుతుందంటారు ఇక్కడివాళ్లు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట ఊరికే పుట్టలేదు. ఏటికేడూ చేప తగ్గి, ధర వేలల్లోకి పోయినా, మనవలొచ్చారంటే తాతయ్య నరసాపురం రేవు దాకా వెళ్లి ఒక్కటైనా తెస్తారు. బెండకాయలు, చింతపండు పులుసు వేసి మట్టిదాకలో సన్నటి సెగ మీద ఉడికించి, రాత్రంతా అలాగే ఉంచి మర్నాడు వడ్డిస్తారు. పులసకు ముళ్లెక్కువ. అమెరికా పిల్లలకు ఆ విద్య రాదు. నాయనమ్మ పక్కన కూర్చుని ఒక్కో ముల్లూ తీసి ముద్ద కలిపి నోట్లో పెడుతుంది. అక్కడ మాటల అవసరమే ఉండదు.

సాయంత్రం తాతయ్య పొలం చూపిస్తానని తీసుకెళ్తారు. పిల్లలు పచ్చటి వరి ఊహించుకుంటారు. అక్కడ నీళ్లు, నీళ్లను చిలికే ఏరియేటర్ల తెల్లటి నురగ కనిపిస్తాయి. ఈ తీరప్రాంతంలో ఎన్నో వరి చేలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. 2009లో దేశంలోకి వెనామీ రొయ్యను అనుమతించాక ఆ జోరు ఇంకా పెరిగింది. కౌలు డబ్బు చేతికొస్తుంది, కొడుకు దగ్గర లేకపోయినా పొలం పడావు పడదు. బదులుగా పక్క చేనుకు ఉప్పు తగులుతుంది, బోరు నీళ్లు ఉప్పబడతాయి. మంచా చెడా అంటే తాతయ్య తేల్చి చెప్పరు. ‘వరికి మనుషులేరీ?’ అంటారు.

ఇందులో పిల్లలకు తెలియని సంగతి ఇంకొకటుంది. ఆంధ్ర రొయ్యకు పెద్ద బజారు అమెరికాయే. డల్లాస్ దుకాణంలో అమ్మ కొనే గడ్డకట్టిన రొయ్యల పొట్లం ఇలాంటి చెరువులోంచే వెళ్లి ఉండొచ్చు. 2025 ఆగస్టులో భారతీయ వస్తువుల మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఉలిక్కిపడింది ఈ చెరువుల గట్లే. మనవడు ఉండే దేశంలో తీసుకున్న నిర్ణయం తాతయ్య కౌలు దాకా వచ్చింది. ఆ మాట చెబితే పిల్లాడు మొదటిసారి చెరువు వైపు శ్రద్ధగా చూస్తాడు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్ల మధ్య ఇంకో మాట నడుస్తుంది. చాలా ఇళ్లలో నడిచే మాటే. ‘మీరిద్దరూ మాతో వచ్చేయకూడదా?’ అని కొడుకు. ‘అక్కడ మేమేం చేస్తాంరా?’ అని తల్లి. ఇల్లు ఎవరు చూస్తారు, ఉంచాలా, అమ్మాలా? ఏటా అదే ప్రశ్న వస్తుంది, ఏటా వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది.

పేరుపాలెం ఇసుకలో

చివరి రోజు పొద్దున్నే పేరుపాలెం. మొగల్తూరు మండలంలోనే ఉన్న ఈ తీరం కార్తీక మాసంలో వనభోజనాలతో కిటకిటలాడుతుంది. తీరాన వేళాంకణ్ణి మాత చర్చి ఉంది. ఆగస్టులో జనం పల్చగా ఉంటారు, అలలు మాత్రం ఉద్ధృతంగా ఉంటాయి. లోపలికి దిగకుండా ఒడ్డునే ఆడుకోవడం మేలు. 2004 డిసెంబరు 26న సునామీ తాకిన కోస్తా ఇది. ఆ రోజును ఇక్కడివాళ్లు మరిచిపోలేదు.

తిరిగొచ్చాక పెట్టెలు సర్దడం. మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటీ 23 కిలోలు. నాయనమ్మ ఆవకాయ జాడీని నాలుగు కవర్లలో చుడుతుంది. సున్నుండలు, గొట్టం కాజాలు, వడియాలు వెళ్తాయి. కరివేపాకు మాత్రం వెళ్లదు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే పురుగు దాని మీద ఉంటుందని అమెరికావాళ్లు ఆకునూ మొక్కనూ రానివ్వరు. ‘పెరట్లో అంత చెట్టుంటే నాలుగు రెబ్బలకు దిక్కు లేదా?’ అని ఆవిడ ప్రతిసారీ అంటుంది.

ఊరికి రావాలనుకునే వారికి నరసాపురం రైల్వే స్టేషన్ దగ్గరి దారి. హైదరాబాద్ నుంచి నేరుగా రైళ్లున్నాయి. విమానంలో అయితే రాజమండ్రిలోగానీ గన్నవరంలోగానీ దిగాలి. వరద రోజుల్లో పంటు నడుస్తుందో లేదో కనుక్కుని బయల్దేరడం మంచిది.

కారు గుమ్మం ముందుకు వచ్చాక నాయనమ్మ అడిగేది ఒక్కటే... ‘మళ్లీ ఎప్పుడొస్తారు?’ కొడుకు సెలవులు, టికెట్ల ధరలు లెక్కపెట్టుకుంటూ తడబడతాడు. ఇరవై ఏళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అతనే. ఇంకో ఇరవై ఏళ్లకు చెప్పాల్సింది వెనక సీట్లో కూర్చున్న పిల్లాడు. ఈ ఇంట్లో అప్పటికి ఎవరుంటారో తెలియదు. అప్పుడు కూడా వాడు నరసాపురం దాటాక డ్రైవరుకు ‘మొగల్తూరు వైపు తిప్పండి’ అని చెప్పాలంటే, ఆ పేరు వెంట వాడికి సినిమా హీరో ఒక్కడే గుర్తొస్తే చాలదు. ముళ్లు తీసి పెట్టిన ఆ చేతులు కూడా గుర్తుకు రావాలి. నాలుగు రోజులు తక్కువే. అందుకే ఆ నాలుగూ హైదరాబాద్ మాల్స్‌లో ఖర్చుకాకుండా చూసుకోవాలి.