గాలి ఫొటోలో పడదు

గ్రీసు దీవుల్లో ఒక వారం ఉండి రావాలనుకున్నవాళ్ళు ముందుగా చేసే పని ఫోన్లో గదులు వెతకడం. తెల్లటి గోడ, నీలం గుమ్మటం, గోడ మీదికి పాకిన కాగితంపూల తీగ, కింద సముద్రం. ఏ దీవి పేరు కొట్టినా ఇవే బొమ్మలు. అన్నీ ఒక్క తీరుగా ఉంటే మనిషి దేన్ని పట్టుకుని ఎంచుకోవాలి? చివరికి చవకగా ఉన్నదానికో, ఎదురింటివాళ్ళు వెళ్ళొచ్చినదానికో డబ్బు కట్టేస్తాడు. ఆ ఫొటోల్లో పడనిది గాలి. దీవిని, నెలను, ఊరిని, ఆఖరికి గది కిటికీ ఎటు తెరుచుకోవాలన్నదాన్నీ గాలిని చూసే తేల్చుకోవాలని నా అభిప్రాయం.

జూలై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి వీచే గాలిని అక్కడ మెల్తెమి అంటారు. మనకు గాలంటే మబ్బు కమ్ముతుంది, కరెంటు పోతుంది, నాలుగు చినుకులు పడతాయి. ఇది అలా కాదు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ పెళపెళలాడుతుంది, గాలి మాత్రం రోజుల తరబడి ఆగదు. హోటల్లో బల్ల మీద పరిచిన కాగితపు గుడ్డను అంచుల్లో క్లిప్పులు పెట్టి బిగిస్తారు. ఇసుకలో పడుకుంటే పిక్కల మీద సూదులు గుచ్చినట్టుంటుంది. దీవుల వాళ్ళు ఆ రోజుల్లో ఎండ ఎంతని అడగరు, ఎన్ని బోఫర్లని అడుగుతారు. గాలి వేగానికి బోఫర్ట్ అనే కొలత ఉంది, దాన్నే అలా పిలుస్తారు. ఏథెన్స్‌లో రెండు వేల ఏళ్ళ నాటి ఎనిమిది పలకల పాలరాతి గోపురం ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. పలకకొక గాలి దేవుణ్ణి చెక్కారు. ఉత్తరపు గాలి బోరియస్ గడ్డంతో, మందపాటి దుప్పటి కప్పుకుని, చేతిలో శంఖం పట్టుకుని కనిపిస్తాడు.

ఈ గాలికి మన నైరుతి రుతుపవనాలతో చుట్టరికం ఉంది. వేసవిలో వాయవ్య భారతం, పాకిస్తాన్‌ల మీద ఏర్పడే అల్పపీడనం పడమటికి సాగుతూ టర్కీ దాకా పోతుంది. అటు బాల్కన్ దేశాల మీద పీడనం ఎక్కువగా ఉంటుంది. ఈ రెంటి నడుమ ఏజియన్ మీదుగా గాలి దక్షిణానికి ఉరుకుతుంది. రుతుపవనాలు ఇక్కడ విడుదల చేసే వేడి ప్రభావంతో అంత దూరాన తూర్పు మధ్యధరా మీద గాలి కిందికి దిగుతుందని, అక్కడి వేసవి అంత పొడిగా ఉండటానికి అదొక కారణమని మార్క్ రాడ్‌వెల్, బ్రయన్ హాస్కిన్స్ 1996లో వివరించారు. విజయవాడలో గొడుగులు విప్పే నెలల్లోనే అక్కడ చుక్క వాన పడదు. వాన పడదంటే మంచి సీజన్ కదా అని మనవాళ్ళు ఆగస్టుకే టికెట్లు కొంటారు.

మా మరదలూ అలాగే వచ్చింది. పెళ్ళయి పాతికేళ్ళయిన సందర్భంగా గ్రీసు వెళ్ళి తీరాలని పట్టు. మా తోడల్లుడు ఖర్చు తప్ప మరో మాట ఎత్తడు. "బావగారూ, ఈ గుమ్మటం కనపడే గది కావాలి. మిగతావి మీ ఇష్టం," అని ఫోన్ నా ముందు పెట్టింది. అది శాంతోరిని దీవిలో ఇయా ఊరు.

శాంతోరిని బాగుండదని ఎవరంటారు? సుమారు 3,600 ఏళ్ళ కింద పేలిన అగ్నిపర్వతం నడిమి భాగం కుంగి సముద్రం లోపలికి వచ్చింది. మిగిలిన అంచు మీద ఊళ్ళు కట్టుకున్నారు. కొండ చరియను తొలిచి చేసిన గుహ ఇళ్ళలో ఒకప్పుడు ఓడ కూలీలు ఉండేవారు, కెప్టెన్ల మేడలు పైన ఉండేవి. ఇప్పుడు ఆ కూలీల గుహలకే అందరికంటే ఎక్కువ అద్దె. అయితే ఆ చరియ కింద కాళ్ళు తడుపుకోవడానికి ఇసుక ఉండదు. నల్ల ఇసుక తీరాలు కావాలంటే దీవి అవతలి వైపు వెళ్ళాలి. దీవి జనాభా పదిహేను వేల పైచిలుకు. విహారనౌకల్లో దిగేవాళ్ళే రోజుకు 8,000 మందికి మించకూడదని 2025లో పరిమితి పెట్టాల్సి వచ్చిందంటే సాయంత్రం ఆ సందులు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. "గుమ్మటం నీకు కనపడుతుందమ్మా, గుమ్మటాన్ని ఫొటో తీసే జనానికి నువ్వూ కనపడతావు," అన్నాను. తోడల్లుడి మొహం వెలిగింది. అది నా చమత్కారానికి కాదు, అద్దె మిగిలిందని.

నా ఓటు నాక్సోస్‌కు. సిక్లడీస్ అనే దీవుల గుంపులో అన్నిటికంటే పెద్దది. వెయ్యి మీటర్లు దాటిన జాస్ శిఖరం ఉంది కనుక కొండ ఊళ్ళు, పొలాలు, ఆవులు ఉన్నాయి. పక్క దీవులు మంచినీటికి కటకటలాడుతుంటే ఇది బంగాళాదుంపలు పండించి ఏథెన్స్‌కు పంపుతుంది. ఇక్కడి గ్రావియేరా జున్నుకూ దీవి పేరే గుర్తింపు. పర్యాటకులు లేకపోయినా ఈ దీవి బతుకుతుంది. అలాంటి చోట మనల్ని చుట్టంగా చూస్తారు, గిరాకీగా కాదు. శాంతోరిని లాంటి అగ్నిపర్వతపు అంచు ఇక్కడ లేదు, ఆ మాట ముందే చెప్పాలి. దానికి బదులు రేవులోకి ఓడ తిరగగానే ఒక పెద్ద పాలరాతి గుమ్మం కనపడుతుంది. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో లిగ్డమిస్ అనే పాలకుడు మొదలుపెట్టి పూర్తిచేయని గుడి అది. గుడి లేదు, గుమ్మం ఉంది. ఉత్తరపు కొసన అపొలోనాస్ దగ్గర పాత రాతి గనిలో పది మీటర్లు దాటిన విగ్రహం ఒకటి సగం చెక్కి వదిలేసినట్టే వెల్లకిలా పడుకుని ఉంటుంది. నిద్రపోతున్న అరియాడ్నెను ఒడ్డున వదిలేసి థీసియస్ ఓడెక్కి పోయిందీ ఈ దీవి నుంచేనని పురాణం. ఆ పూట గాలి అతనికి కలిసొచ్చి ఉంటుంది.

ఇక గది. మనవాళ్ళు ఇల్లు చూస్తే తూర్పో ఉత్తరమో అడుగుతారు. నాక్సోస్‌లో ఉత్తరం అడిగితే మెల్తెమిని ఇంట్లోకి పిలుచుకున్నట్టే. ప్రధాన పట్టణం హోరాలో గ్రోటా అనే ఉత్తరపు ఒడ్డు చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. గుమ్మం, సముద్రం, సూర్యాస్తమయం అన్నీ కిటికీలోంచే. ఆగస్టులో ఆ కిటికీ తెరవలేరు. అదే పట్టణానికి దక్షిణంగా ఆయియోస్ యోర్గియోస్ తీరం ఉంది. నీళ్ళు లోతు తక్కువ, నడుచుకుంటూ బజారుకు రావచ్చు, బస్సులూ దగ్గరే. ఈత మీద ధ్యాస ఉన్నవాళ్ళు ఇంకాస్త కిందికి ఆయియోస్ ప్రొకోపియోస్ గానీ ఆయియా అన్నా గానీ చూసుకోవచ్చు. సీజన్లో ఆ దారిన బస్సులు బాగానే తిరుగుతాయి. మిక్రి విగ్లా మటుకు గాలిపటం కట్టుకుని అలల మీద ఎగిరే కుర్రకారుకు. గాలి కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు వాళ్ళొక్కళ్ళే.

హోటల్ కన్నా దొమాటియా మేలు. ఇంటివాళ్ళే ఇచ్చే అద్దె గదులు. ఒక మూల రెండు పొయ్యిల విద్యుత్ స్టవ్, చిన్న ఫ్రిజ్, నాలుగు పళ్ళాలు, మిద్దె మీద సోలార్ హీటరు. మా మరదలికి ఈ స్టవ్ సంగతి చెప్పాక గుమ్మటం గొడవ సగం తగ్గింది. బాత్రూమ్‌లో ఒక నోటీసు అంటించి ఉంటుంది: కాగితం కమోడ్‌లో వేయకండి, పక్కన బుట్టలో వేయండి. పాత గొట్టాలు సన్నవి, పూడుకుపోతాయి. మనకు కాగితంతో పెద్దగా పని లేదు గానీ నీళ్ళ గొట్టం అక్కడ ఉండదు, ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడేసుకోవాలి. బుకింగ్‌లో చూపించిన అద్దె పైన ప్రభుత్వపు వాతావరణ సుంకం ఒకటి ఉంది. అది 2024లో వచ్చింది, గదికి, రాత్రికి లెక్క, ఎండాకాలంలో ఎక్కువ. దిగేటప్పుడు అడుగుతారు. మోసం అనుకుని పోట్లాడకూడదు.

మధ్యాహ్నం ఊరు పడుకుంటుంది. రెండు, మూడింటి నుంచి సాయంత్రం దాకా తలుపు దబదబ బాదకూడదు, పాటలు పెట్టకూడదు. రాత్రి భోజనం తొమ్మిదింటికి ముందు అడిగితే హోటల్లో మీరూ, మీలాంటి మరో ఇద్దరూ తప్ప ఎవరూ ఉండరు.

నెల విషయంలో సెప్టెంబరు. సముద్రం వేసవంతా కాగి ఇంకా వెచ్చగా ఉంటుంది, గాలి పొగరు తగ్గుతుంది, పిల్లలు బడికెళ్ళిపోయి ఉంటారు. మన వేసవి సెలవుల్లో వెళ్తే కొండల మీద పూలు ఉంటాయి కానీ నీళ్ళు చల్లన. పైగా దీవుల్లో దుకాణాలు తెరవడం వాళ్ళ ఈస్టరును బట్టి ఉంటుంది, అది మన క్యాలెండర్లో ఉండే ఈస్టరు కాదు. ఆర్థడాక్స్ ఈస్టరు 2027లో మే 2న వస్తోంది. ఆగస్టు 15 మరియమ్మ పండగ, ఏథెన్స్ వాళ్ళంతా సొంత ఊళ్ళకు దిగుతారు. ఓడలో చోటు దొరకడమే గగనం.

వీసాకు హైదరాబాద్‌లోనే దరఖాస్తు ఇవ్వొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, పదిహేను రోజుల కన్నా దగ్గర పడనివ్వకూడదు. పెద్దవాళ్ళకు 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా. బండి నడపాలంటే మన లైసెన్సుతో పాటు ఆర్‌టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి. అక్కడ రోడ్డుకు కుడి పక్కన నడపాలి, కొండ మలుపుల్లో మేకలకే హక్కు ఎక్కువ. తోడల్లుడు ఆ మాటతో బస్సు ఖాయం చేశాడు.

భోజనం గురించి మా మరదలు అడిగినన్ని ప్రశ్నలు వీసా అధికారి కూడా అడగడు. ఆమె ముక్క ముట్టదు. గ్రీసులో ఉపవాసాలు ఎక్కువ కనుక శాకాహారికి దారి ఉంది. ఈస్టరు ముందు నలభై రోజులు, ఆగస్టు పండగకు ముందు రెండు వారాలు నిష్ఠగా ఉండేవాళ్ళు మాంసం, గుడ్డు, పాలు మానేస్తారు. ఆ వంటకాలను నిస్తీసిమా అంటారు. ఈ మాట నేర్చుకుని సంబరపడే లోపు ఒక చిక్కుంది. వాళ్ళ శాస్త్రంలో చేప తప్పు, ఆక్టోపస్ తప్పు కాదు. రొయ్య కూడా ఉపవాసపు తిండే. నిస్తీసిమా కావాలని ధీమాగా అడిగిన శాకాహారి పళ్ళెంలోకి ఎనిమిది కాళ్ళ జీవి రావచ్చు. కనుక మాంసం లేకుండా అనే హోరిస్ క్రేయాస్‌తో కూడా సరిపెట్టుకోకూడదు. వంటకం పేరు చెప్పే అడగాలి. ఫావా అడగండి. పచ్చ పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె పోసి, పైన ఉల్లిపాయ తరిగి ఇస్తారు. ఘుమఘుమలాడే నెయ్యి లేదన్న మాటే గానీ అచ్చం మన ముద్దపప్పు. రాత్రంతా మట్టి కుండలో మగ్గిన శనగలు రెవిథియా. వంకాయ, గుమ్మడి జాతి కాయ, బంగాళాదుంప కలిపి ఓవెన్లో పెట్టేది బ్రియామ్. టమాటాలో బియ్యం కూరిన యెమిస్తా కూడా ఉంది, అందులో కొన్నిచోట్ల కీమా కలుపుతారు, అది మాత్రం అడిగే తినాలి. పెరుగు కత్తితో కోసుకునేంత గట్టిగా ఉంటుంది. ఆవకాయ ఒక్కటి పట్టుకెళ్తే ఇక లోటేమీ లేదు. గట్టిగా మూత బిగించి, చెకిన్ సామానులో.

ఓడ ఏథెన్స్ పక్కన పిరేయస్ రేవు నుంచి. విమానాశ్రయం నుంచి రేవుకు మెట్రో 2022 నుంచి నేరుగా పోతోంది. మామూలు పెద్ద ఓడ నాక్సోస్‌కు అయిదు గంటల పైన తీసుకుంటుంది, వేగనౌక దాదాపు రెండు గంటలు తగ్గిస్తుంది. మనవాళ్ళు వేగం చూసి ఎక్కువ డబ్బు పెడతారు. పెద్ద ఓడలో డెక్ మీద తిరుగుతూ దీవులు చూడవచ్చు, వేగనౌకలో సీటుకు అతుక్కుని కూర్చోవాలి, గాలి రోజున అది బాగా ఎగిరెగిరి పడుతుంది. గాలి మరీ హెచ్చితే తీరరక్షక దళం ఓడలను కదలనివ్వదు, వేగనౌకలను ముందు ఆపుతుంది. అలా ఆగితే కంపెనీ మరో ఓడలో పంపాలి, లేదా టికెట్టు డబ్బు వెనక్కివ్వాలి. మీ విమానం సంగతితో మాత్రం దానికి సంబంధం లేదు.

అందుకే తిరుగు ప్రయాణంలో దీవి నుంచి దిగిన రోజే విమానం ఎక్కే పథకం వేయకూడదు. ఆఖరి రాత్రి ఏథెన్స్‌లో ఉండేట్టు చూసుకోవాలి. తోడల్లుడు ఆ రాత్రి గది అద్దెను దండగ పద్దులో రాసుకున్నాడు. నేను మరదలికి చెప్పాను, శాంతోరిని చూడలేదన్న బెంగ ఉంటే ఆ మజిలీలోనే తీరుతుంది. ఆ దీవిలో అగ్నిపర్వతపు బూడిద కింద అక్రోతిరి అనే పట్టణం పూడిపోయింది, 1967లో స్పిరిడాన్ మరినాటోస్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. ముష్టియుద్ధానికి దిగిన ఇద్దరు పిల్లలు, రంగుల రాళ్ళ మీద విచ్చిన లిల్లీలు, గాలిలో ముక్కూ ముక్కూ కలిపిన పక్షులు ఉన్న గోడచిత్రాలు దీవిలో లేవు, ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియం మంగళవారం పొద్దున తెరవరు, మధ్యాహ్నం నుంచే. ఓడ టికెట్టు ఆ లెక్క చూసుకుని కొనమన్నాను.