వెనిలా మాచా: నాలుగు రకాల రుచి

మామూలు గ్రీన్ టీలో ఆకును వేడినీటిలో నానబెట్టి, రసం తాగి, పిప్పిని పారవేస్తాం. జపానువారి మాచాలో పిప్పి అన్నది లేదు. పొడి రూపంలో ఆకు మొత్తం కడుపులోకి పోతుంది. కోతకు సుమారు మూడు వారాల ముందు తోటపై పందిరి వేసి నీడ కల్పిస్తారు. ఎండ తగ్గితే ఆకులోని థియనైన్ కాటెకిన్లుగా మారడం తగ్గుతుంది. వగరు తగ్గి కమ్మదనం నిలుస్తుంది. ఆ ఆకును ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసివేసి రాతి తిరగలిలో విసురుతారు. 1211లో ఎయిసాయి అనే బౌద్ధ భిక్షువు తేనీటిని ఆయుష్షు పెంచే ఔషధంగా కొనియాడుతూ జపానులో ఒక గ్రంథమే రచించాడు.

మా అమ్మాయి అమెరికా నుంచి తెచ్చిన డబ్బాలోనిది మాత్రం వెనిలా పరిమళం కలిపిన మాచా. నేను మధుమేహిని కనుక మూత తీయకముందే వెనుకనున్న పట్టిక చదివాను. ఆ దేశంలోనూ మన దేశంలోనూ పదార్థాలను బరువు ఎక్కువైనదానితో మొదలుపెట్టి వరుసగా రాయాలన్నది నిబంధన. ఇందులో మొదటి పేరు చక్కెర. మాచాది రెండవ స్థానం, చివర పరిమళ ద్రవ్యం. అంటే చెంచాడు పొడిలో దాదాపు సగమో, అంతకన్న ఎక్కువో చక్కెరే! అయినా రుచి చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు గనుక రోజుకొక కప్పు చొప్పున నాలుగు రోజులు తాగాను.

మరుగుతున్న నీటిలో కలిపినది ఏమీ బాగాలేదు. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుకకు వగరు పట్టింది. వెనిలా ఆవిరితోనే పోయింది. మరునాడు మరిగిన నీటిని కొంత ఆరనిచ్చి, వెదురు కుంచె లేకపోవడంతో మజ్జిగ చిలికే చిన్న కవ్వంతో చిలికాను. ముందు వెనిలా, దాని వెనుక లేత గడ్డి వాసన, చివరన సన్నని చేదు. ఇది తేనీరే అనిపించింది.

మూడవనాడు చన్నీటిలో వేసి సీసా మూత బిగించి బాగా కుదిపాను. నన్ను ఆలోచింపజేసినది ఈ కప్పే. తీపి దాదాపు లేదనిపించింది, ఆకు రుచి ముందుకొచ్చింది. కానీ వేసినది అదే చెంచా, అదే చక్కెర! చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. రక్తానికి అటువంటి రాయితీ లేదు. తీపి లేదుగదా అని రెండవ గ్లాసు కలుపుకునే మధుమేహులను నేను సులభంగానే ఊహించగలను.

పాలతో చేసినది అన్నిటికన్న రుచికరం. ఆ మాట దాచను. అయితే పాలను దాటి ఆకు వాసన రావాలంటే రెండు చెంచాలు వేయవలసి వచ్చింది. అప్పుడది కరిగిన ఐస్‌క్రీం. ఔషధం పేరు చెప్పుకోదగినది కాదు. కావలసినవారు చక్కెర కలపని మాచా కొని, వెనిలా చుక్క తామే వేసుకోవచ్చు.

చక్కెర లేకున్నా రెండు జాగ్రత్తలు ఉన్నాయి. వార్ఫరిన్ వాడేవారు రోజూ మాచా మొదలుపెట్టే ముందు వైద్యునికి చెప్పాలి. ఆకు మొత్తం తాగుతున్నాం కనుక విటమిన్ కె కూడా లోనికి పోతుంది. ఇక తేయాకులోని పాలీఫినాల్స్ శాకాహారంలోని ఇనుమును వంటపట్టనివ్వవు. రక్తహీనత ఉన్న స్త్రీలు భోజనంతోపాటు దీనిని తాగరాదు. మా ఇంట శ్రీమతి ఐరన్ మాత్ర ఉదయం వేసుకుంటుంది; చక్కెర లేని మాచా సాయంత్రం నాలుగు గంటలకు. అంతకన్న ఆలస్యమైతే అందులోని కెఫీన్ ఆమెను రాత్రి నిద్రపోనివ్వదు.