శకుని లేని జూదం

జూదం అనగానే మనకు శకుని గుర్తొస్తాడు. 'మాయాబజార్'లో సీఎస్సార్ ఆంజనేయులు పాచికలు చేతబట్టుకుని నవ్విన నవ్వు చూసి పెరిగినవాళ్లం కదా, ధర్మరాజు ఓడాడంటే ఎవడో మోసం చేసి ఉండాలని మన నమ్మకం. పాచికలు మంచివైతే ధర్మరాజు గెలిచేవాడని లోలోపల ఓ ఆశ కూడా.

హాలీవుడ్‌కీ ఈ జబ్బే ఉంది. 'కేసినో రాయల్' (2006) చూడండి. జేమ్స్ బాండ్ ఎదురుగా లె షిఫ్ర్ అనే విలన్, కంటినుంచి రక్తం కారే మనిషి. ఆఖరి ఆటలో నలుగురు మిగులుతారు. ఒకడికి ఫ్లష్, ఇంకొకడికి ఫుల్ హౌస్, విలన్‌కి అంతకన్నా పెద్ద ఫుల్ హౌస్, బాండ్‌కి స్ట్రెయిట్ ఫ్లష్. రమ్మీలో ముక్కలు పంచగానే నలుగురికీ ఒకేసారి షో పడ్డట్టు! 1953 నాటి ఇయన్ ఫ్లెమింగ్ నవలలో ఈ ఆట పోకర్ కాదు, బాకరా. బాకరాలో అదృష్టానికే తప్ప ఎదుటివాడి మొహానికి పెద్దగా పనిలేదు. సినిమాకి మొహం కావాలి. పోకర్‌కి మార్చడంలో ఆ సౌకర్యమూ ఉందని నా అనుమానం.

నిజం కేసినోలో మొహం ఉండదు. అమెరికా రూలెట్ చక్రం మీద 38 గళ్లు ఉంటాయి. 1 నుంచి 36 దాకా అంకెలు, ఒక సున్నా, ఒక జంట సున్నా. అన్ని గళ్ల మీదా తలా ఒక డాలరు పెట్టారనుకోండి. ఏదో ఒక గడి గెలిచి తీరుతుంది. ఒకటికి ముప్ఫై అయిదు చొప్పున ఇస్తారు, పెట్టిన డాలరు కూడా వెనక్కొస్తుంది, వెరసి 36. మిగతా రెండు డాలర్లు కేసినోవి. ఇందులో దొంగ పాచికలు లేవు, మాయ లేదు. ఈ లెక్కని గోడకి అంటించి చూపించినా జనం ఆడుతూనే ఉంటారు.

ఈ లెక్కని సినిమా ఎలా తీస్తుంది? తీయలేదు. 'ద కూలర్' (2003) అయితే ఓ దురదృష్టవంతుణ్ణి జీతమిచ్చి పెట్టుకుంటుంది. గెలుస్తున్నవాడి పక్కన అతను నిలబడితే చాలు, అదృష్టం ఆవిరైపోతుంది. ముచ్చటైన కల్పనే, కాదనను. కానీ కేసినోకి అంత శ్రమ దేనికి? జంట సున్నా ఆ పని జీతం లేకుండానే చేస్తుంది.

అన్నట్టు, స్లాట్ మెషీన్ ముందు కూర్చున్న హీరో ఎవరైనా గుర్తున్నాడా? 'రెయిన్ మ్యాన్' (1988)లో డస్టిన్ హాఫ్‌మన్ ఆరు కట్టల ముక్కలు గుర్తుపెట్టుకుంటాడు, అదీ బ్లాక్‌జాక్ బల్ల దగ్గరే. నెవాడా కేసినోల రాబడిలో సింహభాగం మాత్రం ఆ మెషీన్లదే. గ్రాండ్ కేన్యన్ చూపిస్తామని పిల్లలు తీసుకెళితే దారిలో వేగాస్‌లో దిగే మన అమ్మానాన్నలు కూడా సరదాకి కూర్చునేది వాటి ముందే. ఎదురుగా తిట్టుకోవడానికి మనిషి లేడు. మీట నొక్కడం, బొమ్మలు తిరగడం, మళ్లీ నొక్కడం. ఓటమి ఇంత విసుగ్గా ఉంటుందని తెరమీద చూపిస్తే ఇంటర్వెల్ దాకా ఎవరు కూర్చుంటారు?

చూపించే ధైర్యం కాస్తయినా చేసినవాడు మార్టిన్ స్కోర్సేసీ. 'కేసినో' (1995)లో ఇచికావా అనే జపాన్ ఆటగాడు ఇరవై లక్షల డాలర్లు గెలుచుకుని బయల్దేరతాడు. విమానం పాడైందని పైలట్ చేత చెప్పిస్తారు. చేసేది లేక హోటల్‌కి తిరిగొస్తాడు. ఉచితంగా గది, రాచమర్యాదలు. వేళ్లు ఊరుకోవు. చిన్న పందేలతో మొదలుపెడతాడు, ఆ చిన్న పందేలే తనని దెబ్బతీస్తున్నాయని అనుకుని పెంచుతాడు, గెలిచిందంతా పోగొట్టుకుంటాడు. అతని ముక్కల్ని ఎవరూ మార్చలేదు. అతన్ని ఊరు దాటనివ్వలేదు, అంతే.

అదే సినిమాలో రాబర్ట్ డి నీరో మఫిన్ విరిచి చూసి, పక్కవాడి దాంట్లో బ్లూబెర్రీలు ఎక్కువున్నాయని వంటవాడి మీద మండిపడతాడు. ప్రతి మఫిన్‌లోనూ సమానంగా ఉండాలంటాడు. నాకు కేసినో నడిపేవాడి మనస్తత్వం అర్థమైంది సుత్తితో చెయ్యి విరగ్గొట్టే సన్నివేశంలో కాదు, ఇక్కడే. పండ్లు లెక్కపెట్టేవాడికి అదృష్టంతో ఏం పని? ఇంత నిజం చెప్పిన ఈ సినిమా కూడా మూడు గంటలసేపు ధగధగా మెరుస్తూనే ఉంటుంది. చూసినవాడికి వేగాస్ మీద మోజు పెరగడమే గాని తగ్గడం నేను చూడలేదు.

'ఓషన్స్ ఎలెవన్' (2001)లో దొంగలు పని ముగించుకుని బెలాజియో హోటల్ ముందు నిలబడి ఫౌంటెన్లు చూస్తారు. మీరు వెళ్లినా అవే చూసి రండి. వాటికి టిక్కెట్టు లేదు.