కోట చూశారు సరే... పొలం చూశారా?

ఉదయగిరి చూసొచ్చినవాళ్ల వంటింట్లో చెక్క గరిటెలు కనిపిస్తాయి. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో స్థానిక ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా మహిళలు చెక్కే గరిటెలవి. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది వాటికి. ఆ ఊరికి వచ్చిన పర్యాటకుడి జేబులోంచి స్థానికులకు చేరే సొమ్ము దాదాపుగా ఆ గరిటె ఖరీదే!

వచ్చేవాళ్లు వచ్చేది కోట కోసం. గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడికే ఏడాదికి పైగా పట్టింది. 1514లో కోట చేతికొచ్చాక ఆయన ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి, దానికోసం ఏకంగా ఓ గుడి కట్టించాడు. ఇప్పటి యాత్రికులు అంత పని చేయరు. కొండెక్కి, గుళ్లూ మసీదులూ బురుజులూ చూసి, ఫొటోలు దిగి, చీకటి పడేలోపు నెల్లూరు చేరుకుంటారు. దారిలో దాటిపోయిన పొలాల వాళ్లకి ఆ కార్లు లేపిన దుమ్మే మిగులుతుంది.

ఆ కార్లను ఓ పూట ఆపగలిగితే?

మహారాష్ట్రలోని బారామతి దగ్గర 2005లో పాండురంగ తావరే ఈ ఆలోచనతోనే 28 ఎకరాల పొలంలో వ్యవసాయ పర్యాటకం మొదలుపెట్టారు. పట్నంవాళ్లు వచ్చి, రైతు ఇంట తిని, చేలో తిరిగి, డబ్బు కట్టి వెళ్తారు. 2020లో ఆ రాష్ట్రం దీనికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. ఇటలీ అయితే 1985లోనే చట్టం చేసింది. అందులో ఓ మెలిక ఉంది... సేద్యమే ప్రధానంగా ఉండాలి, అతిథుల పని దానికి తోడుగానే సాగాలి. పొలం పేరుతో రిసార్టు కడితే కుదరదన్నమాట. మన దగ్గర గుర్తుపెట్టుకోవాల్సింది ఈ మెలికనే.

మరి ఇక్కడ చూపించడానికి ఏముంది? నెల్లూరు నుంచి సంగం దాటి ఆత్మకూరు వైపు వెళ్తుంటే వరి. ఆ పైన, కొండల మధ్య నుంచి పెన్న మైదానంలోకి దిగేచోట, 78 టీఎంసీల సోమశిల జలాశయం. మర్రిపాడు మీదుగా ఉదయగిరి దారి పడితే మాత్రం దృశ్యం మారిపోతుంది. అది మెట్ట. ఆ నేలకు నీళ్లివ్వాలనే సోమశిల హైలెవల్ కాలువను తలపెట్టారు. వానమీద ఆధారపడ్డ ఈ పల్లెల్లో చాలామందికి డబ్బు తెచ్చే పంట పొగాకు. డీసీపల్లిలో, కలిగిరిలో వేలం కేంద్రాలున్నాయి. 2015లో ధర పడిపోయినప్పుడు ఈ రైతులు అప్పుల్లో ఎలా కూరుకుపోయారో జిల్లా అంతటికీ తెలుసు. ఒక్క పంట, ఒక్క వేలం... ఏడాది బతుకంతా దానిమీదే!

చేల మధ్య కిటికీల్లేకుండా ఎత్తుగా నిలబడి కనిపించే గదులే పొగాకు బ్యారన్లు. పచ్చాకును కర్రలకు అల్లి లోపల వరుసలుగా వేలాడదీసి, కింద గొట్టాల ద్వారా వేడి పంపుతారు. సుమారు వారం పాటు ఆ వేడిని కనిపెట్టుకుని ఉండాలి. తేడా వస్తే ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే ధర పోతుంది. అందుకే రాత్రుళ్లు పొయ్యి దగ్గరే కాపలా. పొగాకును పొగడాల్సిన పనేమీ లేదుగానీ, ఫిబ్రవరి రాత్రి ఆ మంట పక్కన కూర్చుని రైతు చెప్పే లెక్క వింటే, సేద్యం అంటే ఏమిటో పట్నం పిల్లలకు ఏ పుస్తకమూ చెప్పనంతగా అర్థమవుతుంది.

మెట్టకు మరో ఆస్తి నెల్లూరు జాతి గొర్రె. దేశంలోని గొర్రెల్లో ఎత్తయినదిగా దానికి పేరు. ఉన్ని ఉండదు. తెల్లగా ఉంటే పల్ల, తెల్ల ఒంటి మీద కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలుంటే జొడిపి. పశువుల సంగతైతే మరీ చిత్రం... మన ఒంగోలు జాతి సంతతిని బ్రెజిల్‌లో పిలిచేది ‘నెలోరె’ అని. అక్కడ వేల ఎకరాల్లో మేసే మందలకు మన జిల్లా పేరు!

అయితే అతిథిని పిలవడం కబుర్లు చెప్పినంత తేలిక కాదు. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు, పడుకోవడానికో గది... వీటికి ముందు ఖర్చు పెట్టాల్సింది రైతే. వంట భారం ఇంటి ఆడవాళ్లదే. కాబట్టి వచ్చే రాబడిలో వాటా కూడా వాళ్ల చేతికే రావాలి. రాష్ట్రం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. అది పెద్ద హోటళ్ల దగ్గరే ఆగిపోకుండా నాలుగెకరాల రైతు గడప దాకా వస్తుందా అన్నదే ప్రశ్న. గదులు కట్టేదాకా ఆగక్కర్లేదు. ఓ పూట సంగటి, పచ్చడి, చేలో నడక, గరిటె చెక్కే ఇంట్లో ఓ గంట... మొదలుపెట్టడానికి ఇవి చాలు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఓ మాట. ఈ జిల్లాకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరులోపే పడుతుంది. మిగతా చోట్ల పచ్చదనం వాడుతున్నప్పుడు ఇక్కడ కొండలు చిగురిస్తాయి. సంక్రాంతికి కాస్త ముందో వెనకో బయల్దేరండి. మే నెలలో మాత్రం ఆ కొండ జోలికి వెళ్లకండి, రైతులే మధ్యాహ్నం గడప దాటరు!