నా చవక చార్జరు

పిల్లలూ! కరెంటు పోయిన రాత్రి మీ దీపాన్ని బ్యాటరీ వెలిగిస్తుంది గదా. నేను అటువంటివి రెండు కొన్నాను. ఒక్కొక్కటి 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్లు. సమాంతరంగా కలిపితే 300. చార్జరు మాత్రం చవకగా దొరికిందని 5 ఆంపియర్లది తెచ్చాను. లెక్కల మాస్టరునై ఉండీ 300ను 5 చేత భాగించలేదు! నిండడానికి 60 గంటల పైమాటే.

రాత్రి వాడినది పగలు పూడలేదు. అర్ధాకలితో ఉంచిన బ్యాటరీలో సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడుతుంది. ఏడాది తిరగకముందే, మనమరాలి పరీక్ష రేపనగా, దీపం పది నిమిషాలకే ఆరిపోయింది. పాపం, పిల్ల కొవ్వొత్తి ముందు చదువుకుంది.

ఇటువంటి బ్యాటరీలకు సామర్థ్యంలో సుమారు పదోవంతు, అంటే నాకు 30 ఆంపియర్లు, కావాలి. మరీ ఎక్కువైతే వేడెక్కి చెడతాయి. కొత్త చార్జరు 14.4 వోల్టుల దాకా నింపి, తరవాత తానే 13.6కు తగ్గుతుంది. నిండేటప్పుడు హైడ్రోజను వస్తుంది గనక కిటికీ తెరిచి ఉంచుతున్నాను.