మందు, గుడ్డ, గుండు

ఇండియానా రాష్ట్రపు ఆగ్నేయ మూలన ఫ్రెండ్‌షిప్ అని ఒక పల్లె ఉంది. సిన్సినాటి వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఒహాయో నది వెంట లారెన్స్‌బర్గ్, అరోరా దాటి, డిల్స్‌బరో దగ్గర 62వ నంబరు రోడ్డు పట్టుకోవాలి. అక్కణ్ణుంచి దారి మెలికలు తిరుగుతుంది. మొక్కజొన్న చేలు, సోయా చేలు, ఒక తెల్ల చర్చి, మళ్ళీ చేలు. లోయలోకి దిగేసరికి ఫోన్లో సిగ్నల్ పోయింది. వెనక సీట్లోంచి బాబాయ్, "ఇదేంట్రా, అచ్చం మన గుండాల రోడ్డే" అన్నాడు.

బాబాయ్ కొత్తగూడెం పక్క అడవుల్లో ఫారెస్టు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. వేసవికి మా ఇంటికొచ్చాడు. మేం వెళ్తున్నది మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకుల మేళాకని చెబితే పెద్దగా నవ్వాడు. "ఒరేయ్, నాటు తుపాకి చూడ్డానికి అమెరికాలో సెలవు పెట్టుకోవాలా? పంచనామాలు రాసీ రాసీ నా చెయ్యి అరిగింది." కారు నడుపుతున్న పెద్దాయన ఒకప్పుడు నాతో పనిచేసినాయన. చాలా ఏళ్ళుగా ఈ తుపాకుల మీదే బతుకుతున్నాడనిపిస్తుంది. బాబాయ్ మాటను తర్జుమా చేసి చెబితే ఆయనా నవ్వాడు. "అయితే ఈయనకి నాకంటే ఎక్కువ తెలిసుండాలి" అన్నాడు.

నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్‌కి ఈ పల్లే ఇల్లు. 1931లో ఒహాయోలోని పోర్ట్స్‌మత్‌లో పాత తుపాకుల మీద మోజున్న కొందరు పోటీ పెట్టుకున్నారు. 1933లో అది సంఘమైంది. తర్వాత ఈ పల్లెలో ఒక వాగు ఒడ్డున స్థలం చూసుకుని స్థిరపడింది. ఏటా జూన్‌లో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి జాతీయ పోటీలు జరుగుతాయి. మిగతా రోజుల్లో నిద్రపోయే ఊరు ఆ వారాల్లో గుడారాలతో, ట్రైలర్లతో, రోడ్డు పక్కన పాత సామాన్ల సంతతో నిండిపోతుంది.

కారు దిగకముందే చప్పుడు వినిపించింది. ఇప్పటి రైఫిళ్ళ శబ్దం కొరడా ఝళిపించినట్టు పదునుగా ఉంటుంది. ఇది వేరు. మెత్తగా, బరువుగా, ఛాతీకి తగిలే 'ధుమ్'. దాని వెనకే తెల్లటి పొగ. గాలి లేకపోతే ఆ పొగ గురికీ కాల్చినవాడికీ మధ్య నిలబడిపోతుంది, తగిలిందో లేదో చూడటానికి ఆగాల్సిందే. ఆపైన కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గంధకం పని అది. "దీపావళి మర్నాడు పొద్దున్న" అన్నాడు బాబాయ్, ఇష్టంగానే.

మైదానంలో ఓ పక్క నేటి బట్టల్లో కళ్ళద్దాలు, చెవులకు మూతలు పెట్టుకుని పోటీ పడుతున్నవాళ్ళు. ఇంకో పక్క 1840కి ముందటి కాలంలో బతుకుతున్నవాళ్ళు. కాన్వాసు గుడారాలు, తోలు చొక్కాలు, ఇనప కుండల్లో వంట. వాళ్ళ శిబిరంలో ప్లాస్టిక్ సీసా కంటబడకూడదు. వేషం కొంచెం ఎక్కువైందని నాకనిపించింది. కానీ ఆ గుడారాల్లోని ఒకావిడ చెకుముకి రాయితో, ఉక్కు ముక్కతో, మాడ్చిన గుడ్డపేలికతో పొయ్యి వెలిగించేసరికి నోరు మూసుకున్నాను. అగ్గిపెట్టె తీసినంత సులువుగా వెలిగించింది.

అమ్మకాల వరుసలోనే మా పొద్దుటి పూటంతా గడిచింది. కొత్తవాడు మొదట తుపాకి వైపు చూస్తాడు. పెద్దాయన మమ్మల్ని వరసగా అన్ని బల్లల ముందునుంచీ నడిపించి, తుపాకుల దగ్గరికి ఆఖర్న తీసుకెళ్ళాడు. కావాలనే. ఆయన లెక్క ప్రకారం తుపాకి కన్నా ముందు తెలియాల్సినవి దాన్ని నింపే సరంజామా, దాన్ని కడిగే సరంజామా.

మందు దాచుకునే కొమ్ము ఉంటుంది, ఆవుదో ఎద్దుదో. చూడ్డానికి అందం, లోపల తడి చేరదు. కానీ కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి మందు పొయ్యడం మహాపాపం. ముందు పేలిన మందు తాలూకు నిప్పురవ్వ లోపల మిగిలుంటే, చేతిలోని కొమ్మంతా బాంబు. అందుకని కొలతగొట్టం అని ఇత్తడిదో కొమ్ముదో వేరే ఉంటుంది. కొమ్ములోంచి కొలతలోకి, కొలతలోంచి తుపాకిలోకి. ఈ మందుని తూకం వెయ్యరు, కొలుస్తారు. పేరుకి మాత్రం గ్రెయిన్లని తూకం మాటే వాడతారు. అరవై గ్రెయిన్లంటే నాలుగు గ్రాముల లోపే. ఆ లెక్కన పౌను డబ్బా వందకు పైగా దెబ్బలకి వస్తుంది.

మందు పలుకుల్లో రకాలు. ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఎన్నిసార్లుంటే పలుకు అంత సన్నం. రెండు ఎఫ్‌లది పెద్ద గొట్టాలకీ, మూడు ఎఫ్‌లది మామూలు సైజు రైఫిళ్ళకీ వాడతారు. నాలుగు ఎఫ్‌లది పిండిలా ఉంటుంది, చెకుముకి తుపాకి పళ్ళెంలో రంజకంగా పోస్తారు. ఇప్పటి పొగలేని మందు వీటిలో చిటికెడు కూడా పొయ్యకూడదు. ఆ ఒత్తిడికి గొట్టం చీలిపోతుంది. ఈ మాట ప్రతి బల్ల దగ్గరా ఎవరో ఒకరు చెప్పారు, మేం అడగకపోయినా.

ఈ నల్ల తుపాకిమందులో ఎక్కువ పాలు సురేకారం, మిగిలింది బొగ్గు, గంధకం. బాబాయ్ డబ్బా తిప్పి చూస్తుంటే నేను చదివిన కథ ఒకటి చెప్పాను. డెలావేర్‌లో బ్రాండీవైన్ ఏరు పక్కన 1802లో మందు మర పెట్టింది డ్యూపాంట్ కుటుంబం. అంతర్యుద్ధం మొదలయ్యాక, 1861లో, ఆ ఇంటి లామట్ డ్యూపాంట్ సురేకారం కోసం ఇంగ్లండు వెళ్ళాడు. దొరికినంత కొన్నాడు. అంతలో రెండు దేశాలకీ సముద్రం మీద గొడవొచ్చి బ్రిటన్ ఎగుమతి ఆపేసింది. గొడవ చల్లారాకే సరుకు కదిలింది. ఇంగ్లండులో అంత సురేకారం ఎక్కడిదంటే, మన దేశానిదే. బిహారు పల్లెల్లో నోనియాలు మట్టి గీకి, కడిగి, కాచి తీసింది. "అంటే వీళ్ళ యుద్ధానికి మన ఉప్పు" అన్నాడు బాబాయ్. డబ్బాని ఇంకోసారి తిప్పి చూసి యథాస్థానంలో పెట్టాడు.

గుండు మెత్తటి సీసంది. గొట్టం .50 అంగుళాలదైతే గుండు .490. ఆ సందుని పూరించేది నూలుగుడ్డ ముక్క. దిండుగలీబులకు వాడే చారల గుడ్డ శ్రేష్ఠమంటారు. గంజి పోయేదాకా ఉతికి వాడాలి. నైలాన్ కలిసిందైతే లోపల కరిగి అంటుకుంటుంది. దానికి తేనెమైనం, కొవ్వు లాంటిదేదో పట్టిస్తారు. ఎలుగు కొవ్వు డబ్బాలు కూడా అమ్ముతున్నారు. ఫారెస్టాయన కనుబొమలు పైకి లేచాయి, ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో దానికి చట్టం ఒప్పుకుంటుందని నచ్చజెప్పాల్సి వచ్చింది. గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గుడ్డ ఆ గాడుల్ని పట్టుకుంటుంది, గుండు గుడ్డని పట్టుకుంటుంది, అలా గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. మన నాటు తుపాకికి ఈ గాడులుండవు, అసలు తేడా అదే. గొట్టం, మందు, కడ్డీ అన్నీ బాబాయ్‌కి తెలిసినవే. గాడుల్లోకి వేలు పెట్టి తడిమి చూశాక ఆయన నవ్వడం మానేశాడు.

ఈ గాడుల విద్య 18వ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి పెన్సిల్వేనియాకి వలసొచ్చిన కమ్మరులు వెంట తెచ్చింది. లాంకాస్టర్ చుట్టుపక్కల కూర్చుని తమ దేశపు పొట్టి వేట తుపాకిని సాగదీసి, సన్నబరిచి, అలల చారలున్న మేపుల్ చెక్కతో కుందా చేసి పొడుగు రైఫిల్‌గా మార్చారు. అడవిలో తిరిగేవాడికి సీసం, మందు మోత తగ్గాలి కాబట్టి గుండు సైజూ తగ్గించారు. తర్వాత సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ అన్నదమ్ములు పడమటి కొండలకి పోయేవాళ్ళ కోసం పొట్టిగా, బరువుగా, పెద్ద గుండుకి చేశారు. 1970లో థాంప్సన్ సెంటర్ కంపెనీ హాకెన్ పేరుతో తెచ్చిన రైఫిల్ అసలుదాన్ని పెద్దగా పోలదంటారు గానీ, ఈ సరదాని మామూలు ఇళ్ళలోకి తెచ్చింది మాత్రం అదే. పాత తుపాకుల బల్లల మీద ఎక్కడ చూసినా అది కనిపిస్తుంది. కొత్తవాడికి అదే చవకైన దారి. కొనేముందు గొట్టంలో తుప్పు చూడాలి. అంతకన్నా ముందు కడ్డీ లోపలికి జారవిడిచి, ఎంత లోతుకి దిగిందో బయట కొలిచి చూడాలి. ఏళ్ళ తరబడి అటకమీద పడున్న తుపాకిలో తాత కూరిన మందు అలాగే ఉండొచ్చు.

ఫెడరల్ చట్టం లెక్కలో ఈ తరహా తుపాకి ఫైర్‌ఆర్మే కాదు, పురాతన వస్తువు కింద లెక్క. పోస్టులో ఇంటికొస్తుంది. రాష్ట్రాల చట్టాలు వేరే చూసుకోవాలి. మనదేశంలో ఇదే తుపాకికి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. బాబాయ్‌కి ఈ తేడా ఎంతకీ మింగుడు పడలేదు.

చెకుముకిదా, టోపీదా అన్నది ఇక్కడి వాళ్ళ నిత్య తగాదా. స్కాట్లండ్ పాదిరీ అలెగ్జాండర్ ఫోర్సిత్‌కి పక్షుల వేటంటే పిచ్చి. చెకుముకి మెరుపు చూసి పిట్టలు ముందే ఎగిరిపోతున్నాయని, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో నిప్పు పుట్టించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. దాన్నుంచే తర్వాత చిన్న రాగిటోపీలు వచ్చాయి. టోపీ తుపాకి నమ్మకస్తురాలు. మొదలుపెట్టేవాళ్ళు అదే కొనాలని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. చెకుముకి తుపాకి మీట నొక్కాక పళ్ళెంలో భగ్గుమన్న నిప్పు చిల్లుగుండా లోపలికి పాకేదాకా రెప్పపాటు ఆగుతుంది. ఆ రెప్పపాటూ కదలకుండా గురి పట్టడమే విద్య. అది ముందే నేర్చుకుంటే పోయేదేముంది?

మధ్యాహ్నం పెద్దాయన పొలానికి వెళ్ళాం. డిల్స్‌బరో దాటాక మట్టికట్ట ఒకటి, దాని ముందు కర్రచట్రానికి కాగితం. ఫ్రెండ్‌షిప్ మైదానంలో ఉన్న నియమమే ఇక్కడా. నింపేది వెనక బల్ల దగ్గర, టోపీ పెట్టేదీ రంజకం పోసేదీ గీత దగ్గరికొచ్చి, మూతి గురివైపు తిప్పాకే.

పెద్దాయన చెకుముకి రైఫిల్‌లోకి కొలత నింపి మందు పోశాను. మూతి మీద గుడ్డ, గుడ్డ మీద గుండు. పొట్టి పిడితో ఒక్క గుద్దు గుద్దితే లోపలికి దిగుతుంది. తర్వాత హికరీ కడ్డీ. దాన్ని చివర పట్టుకుని తొయ్యకూడదు, మూతికి జానెడు ఎత్తులో పట్టుకుని కొంచెం కొంచెంగా దించాలి. చివర పట్టి తోస్తే విరిగి అరచేతిలోంచి దూసుకుపోతుంది. ఒళ్ళు మూతి మీదికి వాలకూడదు. గుండు మందుని ఆనిందని ఎలా తెలుస్తుంది? కడ్డీ మీద గీత ఉంటుంది. గీత మూతికి సరిగ్గా వస్తే ఆనినట్టు. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. మందు పొయ్యడం మరిచి గుండు దించినా ఆ గీత చెప్పేస్తుంది. అది అందరికీ జరిగేదేనట. పొద్దున మైదానంలో ఒక పోటీదారు మరలున్న కడ్డీతో అలాంటి గుండునే తంటాలు పడుతూ లాగుతుంటే, పక్కవాళ్ళు మాట్లాడకుండా నవ్వుకున్నారు.

రాయి బిగించిన సుత్తిని, అంటే గుర్రాన్ని, సగం లేపి, పళ్ళెంలో చిటికెడు రంజకం. చిల్లు మూసుకుపోయేంత పోస్తే నిప్పు పాకడం ఆలస్యమవుతుంది. పళ్ళెం మూసి, గుర్రం పూర్తిగా లేపి మీట నొక్కాను. చెంప పక్కన భగ్గుమంది, వెంటనే భుజం మీద బరువు. దెబ్బ కాదు, తోపు. పొగ తేలిపోయాక కాగితం అంచున చిల్లు. పెద్దాయన మాటల్లేకుండా తడిగుడ్డ చుట్టిన కడ్డీ అందించాడు. పేలిన మందులో సగానికి పైగా మసిగా లోపలే, గాలిలోనూ మిగులుతుంది. తుడవకుండా నాలుగు దెబ్బలు వేస్తే అయిదో గుండు దిగదు.

ఒకసారి పళ్ళెంలో నిప్పు మెరిసి, లోపల పేలలేదు. "కదలొద్దు" అన్నాడు. గురివైపే పట్టుకుని నిమిషం పాటు నిలబడ్డాం. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది కాబట్టి ఎవరూ మూతి వైపు తొంగిచూడరు. తర్వాత చిల్లుని సన్నటి తీగతో పొడిచి, మళ్ళీ రంజకం పోస్తే పేలింది.

బాబాయ్ కాల్చనన్నాడు. "నాకు సీజ్ చెయ్యడమే అలవాటు" అని కుర్చీలో కూర్చున్నాడు గానీ, కొలత, గుడ్డ, గుండు వరసగా అందించే పని తనే తీసుకున్నాడు. కాసేపటికి నేను చెయ్యి చాచకముందే సరైన వస్తువు చేతిలో పడుతోంది.

పొద్దు వాలాక అసలు పని మొదలైంది. ఈ మందు మసి గాలిలోని తేమను పీల్చి రాత్రికి రాత్రే ఇనుముని తింటుంది. రేపు కడుగుదాం అనడం కుదరదు. వంటగదిలో బాల్చీ నిండా వేడినీళ్ళు, సబ్బు చుక్క. హాకెన్ తరహా తుపాకి గొట్టం ఊడదీసి బాల్చీలో నిలబెట్టొచ్చు, పొడుగు రైఫిల్‌ది ఊడదు కాబట్టి చిల్లు మూసి నీళ్ళు పోసి కుదపాలి. గుడ్డ మీద గుడ్డ, నల్లగా, తర్వాత బూడిదరంగుగా, తర్వాత తెల్లగా వచ్చేదాకా. ఆపైన పొడిగుడ్డ, చివర్న నూనె పూత. గుర్రం, పళ్ళెం ఉన్న లాకు ఊడదీసి చెకుముకి రాయిని, పళ్ళేన్నీ పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్దాం. కాల్చినంతసేపు కన్నా కడిగినంతసేపే ఎక్కువ. ఈ పని విసుగనిపించేవాళ్ళు ఈ సరదాకి దూరంగా ఉండటం తుపాకికి మంచిది.

తుపాకి ఇంకా కొనలేదు. కొమ్ము, ఇత్తడి కొలతగొట్టం, చారల గుడ్డ గజం కొన్నాను. సెప్టెంబర్‌లో మళ్ళీ వెళ్తాం కదా, ఒక ఒహాయో కమ్మరి విడిభాగాలుగా అమ్మే పొడుగు రైఫిల్ అప్పుడు చూడాలి. చెక్క రుద్దుకోవడం, రంగు పట్టించడం మన పనే. తిరుగు ప్రయాణం తేదీ మార్చుకుంటే ఎంత అవుతుందో కనుక్కోమని బాబాయ్ మర్నాడు పొద్దున్నే అడిగాడు.