గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు

సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొస్తే మిర్యాలగూడ, కోదాడ చుట్టూ నాట్లు మొదలవుతాయి. సూర్యాపేట వైపు మూసీ కింద కూడా అంతే. వరి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. మా వైపు పాము కరిచిందని నేరుగా అనరు, పురుగు ముట్టిందంటారు.

కలుపు తీస్తుండగా పురుగు ముట్టిన ఒకామెను మిర్యాలగూడ దగ్గరి పల్లె నుంచి చీకటి పడ్డాక మా ఆసుపత్రికి తెచ్చారు. అప్పటికే మంత్రం పెట్టించారు. కాలు వాచింది, చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. వెంట వచ్చిన అన్న నాతో వాదానికి దిగాడు. "పోయినేడు నాకూ ముట్టింది సార్. మంత్రం పెట్టించుకున్న. తెల్లారి లేచి పొలం పోయిన."

అతను అబద్ధం చెప్పలేదు. అందుకే ఆ మాటను కొట్టిపారేయకూడదు, విప్పి చూడాలి. అతన్ని కరిచిన పాము ఏదో ఎవరూ చూడలేదు. నీరుకట్టెకు, జెర్రిపోతుకు మనిషిని చంపే విషం లేదు. విషమున్న పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. అలాంటి కాటుకు మంత్రం పెట్టినా, పసరు పోసినా, ఏమీ చేయకపోయినా మనిషి లేచి కూర్చుంటాడు. బతికినవాడు ఆ సంగతి ఊరంతా చెబుతాడు. పోయినవాడు చెప్పలేడు, వాడి ఇంటివాళ్లు రాత అట్లుందని ఏడ్చి ఊరుకుంటారు. బతికితే మంత్ర మహిమ, పోతే తలరాత. ఈ లెక్కలో మంత్రం ఎన్నటికీ ఓడదు. ఓడిపోయే వీలే లేని మాట శాస్త్రం కాదని కార్ల్ పాపర్ 1934లో వియన్నాలో అచ్చయిన పుస్తకంలో వాదించాడు. నాకు ఆ వాదన పుస్తకంలో కన్నా ఆ రాత్రి ఎక్కువ పనికొచ్చింది.

ఆమె రక్తం రెండు మిల్లీలీటర్లు కొత్త గాజు గొట్టంలో పోశాం. అన్న రక్తం ఇంకో గొట్టంలో పోశాం. రెండూ కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచాలి. "రక్తపింజరి విషం ఎక్కి ఉంటే నీ చెల్లె రక్తం గడ్డకట్టదు. నీది కడుతుంది. రెండూ గడ్డకడితే నా అనుమానం తప్పు" అని ముందే చెప్పాను. సమయం కాగానే అతని చేతనే వంచి చూపించాను. అతని రక్తం గట్టిగా నిలిచింది. ఆమెది నీళ్లలా జారింది. విరుగుడు ఇంజెక్షన్‌కు అతను ఇక అడ్డు చెప్పలేదు. మందు ఎక్కించిన ఆరు గంటలకు మళ్లీ పరీక్షిస్తే గడ్డకట్టింది. ఆ గొట్టం ఒక్కోసారి మమ్మల్నీ తప్పుదారి పట్టిస్తుంది, అందుకే మళ్లీ మళ్లీ చేస్తాం.

ఇలా పరీక్షకు పెట్టి తేల్చుకునే పద్ధతి మన నేలకు కొత్త కాదు. విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు. రక్తపింజరిని అందులో 'కాటుక రేకుల పొడ' అనే తెలుగు పేరుతోనే రాశాడు. కుక్కలను, కోళ్లను పాములతో కరిపించి లక్షణాలు నమోదు చేశాడు. విరుగుడుగా పేరుమోసిన తంజావూరు మాత్రలను కూడా పరీక్షకు పెట్టాడు.

కోదాడ వైపు నుంచి వచ్చిన పిల్లవాడి సంగతి ఇంకా కష్టమైంది. రాత్రి నేల మీద పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నాడు, కాసేపటికి రెప్పలు వాలిపోయాయి, గొంతు పోయింది. ఒంటి మీద గాటు లేదు. గాలి సోకిందని నాయనమ్మ నిమ్మకాయలు తిప్పించింది. గాటు కనపడకపోవడమే కట్లపాము కాటు తీరు. దాని కోరలు చిన్నవి, నొప్పి కూడా పెద్దగా ఉండదు. విషం నరం నుంచి కండరానికి వెళ్లే సందేశాన్ని తెంచేస్తుంది, చివరికి ఊపిరి కండరాలూ ఆగుతాయి. గాలి అనుకుంటే తర్వాత ఏం చేయాలో తోచదు. కట్లపాము అనుకుంటే విరుగుడుతో పాటు, కండరాలు తేరుకునేదాకా యంత్రంతో శ్వాస అందించాలని తెలుస్తుంది. కారణాన్ని ప్రకృతిలో వెతకమని నేను పట్టుబట్టేది ఇందుకే. కొన్ని రోజులకు కళ్లు తెరిచిన పిల్లవాడు, నాయనమ్మ ఏడుపు తనకు వినపడుతూనే ఉందన్నాడు.

మా వైద్యమూ పుట్టుకతో పరిశుద్ధం కాదు. కాటు పైన గట్టిగా కట్టు కట్టమని, గాటు పెట్టి రక్తం పీల్చమని ఒకప్పుడు వైద్య పుస్తకాలే చెప్పాయి. మేలు కన్నా కీడే ఎక్కువని తేలాక వదిలేశాయి. వదిలేయగలగడమే దాని బలం. మంత్రాన్ని కూడా ఇదే గీటురాయి మీద గీయమంటున్నాను, అంతకు మించి అడగడం లేదు.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. ఎక్కువ మరణాలు పల్లెల్లోనే.

పురుగు ముట్టిందన్న అనుమానం వస్తే కట్టు కట్టకండి, కోయకండి, పాము కోసం వెతుకుతూ పొద్దు పుచ్చకండి. మనిషిని నడిపించకుండా, కరిచిన కాలో చేయో కదలనీయకుండా 108ని పిలవండి. మంత్రం మీద నమ్మకముంటే దారిలో చదువుకోండి, బండిని మాత్రం ఆసుపత్రి దాకా ఎక్కడా ఆపకండి.